జర్మనీ దాకా వెళ్ళి స్విఫ్ట్ తోలొచ్చాను

మా మేనమామకి తెల్ల కాంటెస్సా ఉండేది. 1993 ఎండాకాలంలో విజయవాడ నుంచి ఏలూరులో పెళ్ళికి అందరం అందులోనే వెళ్ళాం. వెనక సీట్లో నలుగురు. నాకు కూర్చునే చోటు లేక ముందు సీట్ల సందులో నించుని స్పీడు ముల్లు చూస్తూ వచ్చాను. హనుమాన్ జంక్షన్ దాటాక రోడ్డు ఖాళీగా కనపడింది. "వంద చూస్తారా?" అన్నాడు మామయ్య. ముల్లు వంద దాటి ఇంకో గీత జరిగింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. అమ్మ ఆంజనేయ దండకం ఎత్తుకుంది. "అక్కా, ఆయనకన్నా స్పీడుగా పోతున్నాం, వినపడదు" అన్నాడు మామయ్య. ఆ రోజు పెళ్ళిలో ఏం వడ్డించారో గుర్తులేదు గానీ ఆ ముల్లు మాత్రం ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఆ తరవాత ముప్పై ఏళ్ళలో నేను నడిపింది ఎక్కువగా వ్యాగన్ఆర్, అదీ బందరు రోడ్డు మీద నలభైలో. హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద ఒకసారి 120 తాకాను. అక్కడ అంతకు మించి వెళ్తే చలానా ఇంటికొస్తుంది. అందుకే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేసే తమ్ముడు "సెప్టెంబర్‌లో రండక్కా, రైన్ నది ఒడ్డున కోటలు చూపిస్తా" అంటే, "కోటలు కొండపల్లిలో చూశాంలేరా, నన్ను మీ జర్మనీ హైవే, ఆ ఆటోబాన్ ఎక్కించు" అన్నాను. ఇది 2024 సంగతి.

ముందు కాగితాల గురించి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు. ఫీజు వెయ్యి రూపాయలు, ఏడాది చెల్లుతుంది. దాంతోపాటు మన అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి, ఒక్క పర్మిట్ చూపిస్తే సరిపోదు. అద్దె కారుకి క్రెడిట్ కార్డు తప్పనిసరిగా అడిగారు, మా ఆయన డెబిట్ కార్డు పనికిరాలేదు.

ఎయిర్‌పోర్టులో కారు కౌంటర్ దగ్గర గంట పట్టింది. మేం బుక్ చేసింది 'బీఎండబ్ల్యూ 3 సిరీస్ లేదా దానికి సమానమైనది'. ఆ సమానమైనదే వచ్చింది, ఫోక్స్‌వాగన్ పస్సాట్ డీజిల్, వెనక పెద్ద డిక్కీ ఉన్న రకం. నా మొహం చూసి తమ్ముడు "సూట్‌కేసులన్నీ పడతాయిగా అక్కా" అని ఓదార్చాడు. కౌంటర్‌లో కుర్రాడు అదనపు బీమా అంటగట్టడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. మేం ఆన్‌లైన్‌లో ముందే తీసుకున్నది సరిపోతుందని తమ్ముడు జర్మన్‌లో గట్టిగా చెప్తే గానీ వదల్లేదు. మీకు భాష రాకపోతే బీమా కాగితం ప్రింటు తీసి పట్టుకెళ్ళండి. కారు కదిలించేముందు చుట్టూ తిరిగి వీడియో కూడా తీసుకోండి, ఎందుకో చివర్లో చెప్తాను.

స్టీరింగ్ ఎడమవైపు ఉండటం పెద్ద ఇబ్బంది కాదు. పది నిమిషాల్లో అలవాటవుతుంది. అలవాటు కానిది ఇండికేటర్. మన వ్యాగన్ఆర్‌లో అది కుడిచేతి వైపు ఉంటుంది, అక్కడ ఎడమవైపు. ఎండ కాస్తుంటే ప్రతి మలుపు దగ్గరా వైపర్లు వేశాను. మొదటి రోజు పస్సాట్ అద్దం తళతళలాడిపోయింది.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఏ3 ఎక్కి కొలోన్ వైపు వెళ్ళాం. ఆటోబాన్ అంటే ఎక్కడపడితే అక్కడ ఎంతయినా తొక్కొచ్చని మనవాళ్ళు అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. పదింట ఏడు వంతులకి శాశ్వత పరిమితి లేని మాట నిజమే. మిగతా చోట్ల 100, 120, పనులు జరుగుతుంటే 80. తెల్ల గుండ్రం మీద నల్ల గీతలు ఏటవాలుగా ఉన్న బోర్డు కనపడితే అప్పుడు మన ఇష్టం. ఆ ఇష్టానికీ 130 దాటకపోతే మంచిదని ప్రభుత్వ సలహా ఉంది. దాటినందుకు జరిమానా లేదు గానీ, ప్రమాదం జరిగితే తప్పులో కొంత వాటా మన మీద పడొచ్చు. కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేయడం నిషేధం. దాటేశాక మళ్ళీ కుడి లేన్లోకి వచ్చెయ్యాలి, ఎడమ లేన్ కాపరం ఉండటానికి కాదు. డీజిల్ అయిపోయి రోడ్డు మీద ఆగినా నేరమే.

ఆ బోర్డు వచ్చింది. తమ్ముడు "కానీయక్కా" అన్నాడు. 140, 150, 165. ముల్లు కాదు, అంకెలు మారుతున్నాయి, అంతే. కారు లోపల ఏమీ మారలేదు. వెనక మా ఆయన జంతికల డబ్బా తీశారు. 180 దగ్గర గాలి చప్పుడు కాస్త పెరిగింది. 191 దాకా చూశాను. అప్పుడు ఎడమ అద్దంలో చుక్కలా కనపడిన ఆడీ, నేను రెప్ప వేసేలోపు వెనక బంపర్ దగ్గరుంది. కుడికి జరిగాను. అది ఎంతలో వెళ్ళిందో దేవుడికే తెలియాలి.

అంతకన్నా అవమానం ఇంకోటి జరిగింది. ఆ ఏ3 పక్కనే కొలోన్ వెళ్ళే హైస్పీడ్ రైలు మార్గం చాలాదూరం వెంబడే వస్తుంది. ఐసీఈ రైళ్ళు దాని మీద 300 కిలోమీటర్ల వేగంతో నడుస్తాయి. నేను 170లో స్టీరింగ్ బిగించి పట్టుకుని గొప్పగా పోతుంటే, తెల్ల రైలు ఒకటి పక్కనుంచి మమ్మల్ని దాటేసి పోయింది. కిటికీ దగ్గర ఒకాయన పేపర్ చదువుకుంటున్నట్టు కనపడిందని మా ఆయన ఇప్పటికీ అంటారు. అబద్ధమే అయ్యుంటుంది.

దారిలో ఒకచోట పెద్ద దిగుడు ఉంది. అక్కడ 100 పరిమితి, పైన కెమెరాలు. ఖాళీ రోడ్డు, బరువైన కారు, దిగుడు, మన కాలు బ్రేకు మీద ఉండదు. తమ్ముడు ముందే అరిచాడు కాబట్టి బతికిపోయాం. దారిలో ఆగేచోట్ల టాయిలెట్‌కి మనిషికి ఒక యూరో. దానికిచ్చే చీటీ అక్కడి షాపులో ఏదైనా కొంటే తగ్గిస్తారు. శుభ్రంగా ఉంటాయి, ఇచ్చిన డబ్బుకి న్యాయమే. కాఫీకి ఆ మాట అనలేను.

కోబ్లెంజ్ దాటి ఏ61 మీద వేర్ దగ్గర దిగి, ఐఫెల్ కొండల్లోకి వెళ్ళాం. అడెనావ్ అనే చిన్న ఊళ్ళో రెండు రాత్రులు బస. చెక్క దూలాలు బయటికి కనపడే పాతకాలం ఇళ్ళు, మధ్యలో సంత వీధి, అరగంటలో ఊరంతా తిరిగేయొచ్చు. మేం దిగింది ఒక ముసలావిడ నడిపే లాడ్జి లాంటిది. గది అద్దంలా ఉంది, పరుపు మెత్తగా ఉంది. లిఫ్టు లేదు, మూడో అంతస్తు, సూట్‌కేసులు మా ఆయన మోశారు. గదిలో కెటిల్ లేదు. 'గదిలో వంట చేయరాదు' అని బోర్డు ఉంది. అది చదివి మా ఆయన కుక్కర్‌ని మళ్ళీ బట్టల కింద పెట్టేశారు. పొద్దున టిఫిన్ మాత్రం మంచిది. పొరలు పెళుసుగా ఉండే చిన్న రొట్టెలు, ఉడికించిన గుడ్లు, చీజ్, తేనె. ఆ రొట్టెలోకి ఆవకాయ ఎంత బాగుందంటే, పక్క టేబుల్ జర్మన్ ఆయనకి కొంచెం పెట్టాను. ఆయన నీళ్ళు తాగి, మళ్ళీ అడిగాడు. శాకాహారులకి రాత్రి భోజనమే కష్టం. రెండు రాత్రులూ హోటల్ మార్చినా చీజ్ నూడుల్సే దొరికాయి. రేసులుండే వారాంతాల్లో గదులు దొరకవు, దొరికినా ధరలు మండుతాయి. బుధ, గురువారాలు పెట్టుకోవడం మేం చేసిన తెలివైన పని.

అడెనావ్ ఎందుకంటే, నూర్‌బుర్గ్‌రింగ్ కోసం. 1927లో తెరిచిన రేసు ట్రాకు. అందులో పాత భాగం నార్డ్‌ష్లైఫె, చుట్టు 20.8 కిలోమీటర్లు, అడవిలో కొండలెక్కి దిగుతూ డెబ్బైకి పైగా మలుపులు. 'పచ్చ నరకం' అని దీనికి పేరు పెట్టింది రేసర్ జాకీ స్టువర్ట్. 1976 ఆగస్టులో ఫార్ములా వన్ రేసర్ నికీ లౌడాని ఇక్కడే కాలిపోతున్న కారులోంచి తోటి రేసర్లు బయటికి లాగారు. ఆరు వారాల్లో మళ్ళీ రేసుకి వచ్చేశాడు గానీ, ఫార్ములా వన్ మాత్రం ఆ పాత చుట్టుకి మళ్ళీ రాలేదు. అలాంటి చోట టికెట్ కొని ఎవరైనా సొంత కారు తోలుకోవచ్చు! ప్రత్యేకంగా కేటాయించిన సమయాల్లో అది టోల్ గేటున్న ఒన్‌వే రోడ్డు, మామూలు ట్రాఫిక్ నియమాలే. ఎడమవైపు నుంచే దాటాలి, టైము కొలవకూడదు. మేం వెళ్ళినప్పుడు చుట్టుకి మామూలు రోజుల్లో 30 యూరోలు, శుక్రవారం నుంచి ఆదివారం దాకా 35. మామూలు రోజుల్లో సాయంత్రం కాసేపే తెరుస్తారు కాబట్టి ముందే కేలండర్ చూసుకోవాలి.

పస్సాట్‌తో వెళ్ళలేం. అద్దె కార్ల ఒప్పందంలో ఈ ట్రాకు పేరు రాసిమరీ నిషేధిస్తారు. అందుకని అక్కడే ట్రాకు కోసం కార్లు అద్దెకిచ్చేవాళ్ళ దగ్గరికి వెళ్ళాం. వాళ్ళు నా అనుభవం అడిగి, ఓ చూపు చూసి, ఇచ్చిన కారు ఏంటో తెలుసా? సుజుకి స్విఫ్ట్. మన ఊళ్ళో క్యాబ్ బుక్ చేస్తే వచ్చేదే. కాకపోతే లోపల ఇనప కమ్మీలు బిగించి, నడుం పట్టేసే సీట్లు పెట్టారు. మా ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. రెండు చుట్లకి టికెట్‌తో కలిపి రెండు వందల యూరోలు దాటింది. కారు గుద్దితే మనం కట్టాల్సింది వేలల్లో ఉంటుంది, ట్రాకు పక్కనున్న కమ్మీలు వంగితే వాటి ఖర్చు కూడా మనదే. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు చెయ్యి కొంచెం వణికింది.

అంతకుముందు ఒక పోర్షే 911లో పక్క సీట్లో ఒక చుట్టు తిప్పించారు. డ్రైవర్ అరవై దాటిన స్థానికుడు. మొదటి మలుపుకి సబీన్ ష్మిట్జ్ పేరు పెట్టారని చెప్పాడు. ఆమె అడెనావ్‌లోనే పుట్టింది. ఇక్కడి 24 గంటల రేసుని 1996, 97ల్లో గెలిచింది, అది గెలిచిన మొదటి ఆడమనిషి ఆమే. ఇదే ట్రాకు మీద జనాన్ని ఎక్కించుకుని తిప్పే బీఎండబ్ల్యూ రింగ్ టాక్సీ నడిపేది. 2021లో చనిపోయింది. ఆ మాట చెప్తూనే అతను ఫుక్స్‌రోరె అనే దిగుడులోకి కారుని వదిలేశాడు. చెట్లు రెండు పక్కలా మూసుకొచ్చాయి, అడుగున కారు నేలకి అణిగింది, నా తల భుజాల్లోకి దిగిపోయింది. అరవడానికి నోరు తెరిచాను గానీ గాలి లేదు. తొమ్మిది నిమిషాల్లోపు అయిపోయింది. స్విఫ్ట్ అద్దెకన్నా ఎక్కువే అయ్యింది. తమ్ముడైతే అదే గొప్ప అంటాడు. నాకు మాత్రం జెయింట్ వీల్ ఎక్కినట్టే ఉంది, మనం చేసేదేం లేదు, కూర్చోవడమే.

స్విఫ్ట్ వేరు. గేటు ఎత్తగానే వెనక నుంచి వరసగా కార్లు. కుడికి ఇండికేటర్ వేసి దారివ్వడం నాకు చెప్పిన మొదటి పాఠం, మొదటి మలుపులోనే వైపర్ వేశాను. ఆ చుట్టంతా స్పీడోమీటర్ చూసిన గుర్తే లేదు. 80లో ఉన్నానో, 110లో ఉన్నానో. రోడ్డు ఎత్తు ఎక్కుతుంది, అవతల ఏముందో కనపడదు, ఆకాశమే కనపడుతుంది. కారుసెల్ అని కాంక్రీటు గిన్నె లాంటి మలుపు ఉంది. కారు గిన్నెలోకి జారగానే పలకల అతుకులు డబడబమని వెన్నులో కొట్టాయి. ఒక సామాన్ల వ్యాన్ నన్ను దాటింది, డ్రైవర్ చెయ్యి కూడా ఊపాడు. దిగేసరికి స్టీరింగ్ మీద నా వేళ్ళ గుర్తులు తడిగా ఉన్నాయి, ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. ఈ ట్రాకు మీద రికార్డు 2018లో పోర్షే 919 పెట్టిన 5 నిమిషాల 19 సెకన్లు. నాది కొలవకూడదు కదా, మంచిదే అయింది.

రెండో చుట్టు ముందు ఎవరో బైకు పడిపోయిందని ట్రాకు మూసేశారు. నలభై నిమిషాలు బంగాళదుంప వేపుడు తింటూ పార్కింగ్‌లో కూర్చున్నాం. ఇలా మూసెయ్యడం అక్కడ మామూలే, అందుకని ఒక్క సాయంత్రాన్ని నమ్ముకోకుండా రెండు సాయంత్రాలు పెట్టుకోండి. మా రెండో చుట్టు మర్నాడు తిరిగాం. ఈసారి వైపర్ వెయ్యలేదు.

మూడో రోజు స్టుట్‌గార్ట్ వెళ్తూ వీస్‌లోక్ అనే ఊళ్ళో ఆగాం. 1888లో, కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ మొగుడికి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మూడు చక్రాల కారులో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి, వంద కిలోమీటర్ల పైన, పుట్టింటికి వెళ్ళింది. ఇంధనం కోసం ఈ ఊళ్ళో మందుల షాపులో లిగ్రోయిన్ అనే ద్రావకం కొంది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో తీసిందట. ఆ షాపు ముందు ఆమె జ్ఞాపకార్థం ఒక శిల్పం ఉంది. అంతకు మించి అక్కడ చూసేదేం లేదు, అయినా నేను కదల్లేదు. స్టుట్‌గార్ట్ బెంజ్ మ్యూజియంలో 1886 నాటి ఆ మొదటి రకం బండి చూశాం. దాని వేగం గంటకి 16 కిలోమీటర్లు. మ్యూజియం బాగుంది, పూట కేటాయించాలి, సోమవారం సెలవు.

కారు తిరిగిచ్చేటప్పుడు కుడి తలుపు మీద గీత ఉందని, మూడు వందల యూరోలు అన్నారు. మొదటి రోజు వీడియో చూపించాం. అదే గీత, అదే చోట. ఆ అమ్మాయి ఏమీ అనకుండా రసీదు చింపి ఇచ్చింది. క్షమాపణ లేదు.

గన్నవరంలో దిగాక బుక్ చేసిన క్యాబ్ వచ్చింది. స్విఫ్ట్ డిజైర్. రామవరప్పాడు రింగు దగ్గర రెండు ఆటోలు, ఒక గేదె, ఎదురొచ్చిన స్కూటర్. డ్రైవర్ బ్రేకు తొక్కకుండా వాటి మధ్యలోంచి జారుకుని బెంజ్ సర్కిల్ వైపు అరవైలో పోతుంటే, 191లో జంతికలు తిన్న మా ఆయన రెండు చేతులతో సీటు బెల్టు వెతుక్కున్నారు.