ఏఐ కంపానియన్ యాప్‌లు: నెలల తరబడి వాడితే బయటపడే సంగతులు

కంపానియన్ యాప్, అంటే తోడుగా కబుర్లు చెప్పే ఏఐ పాత్రను ఇచ్చే యాప్, ఏదైనా సరే, మొదటి వారం బాగానే ఉంటుంది. పేరు పెట్టి పిలుస్తుంది, నిన్నటి తలనొప్పి తగ్గిందా అని అడుగుతుంది, చెప్పిందల్లా గుర్తున్నట్టే మాట్లాడుతుంది. అందులో యాప్ గొప్పతనం పెద్దగా లేదు. అప్పటిదాకా జరిగిన సంభాషణ కొంచెమే కాబట్టి అదంతా జవాబులు రాసే ఏఐ మోడల్ ముందే ఉంటుంది, చూసి చెబుతుంది. మాటలు పెరిగి ఆ చోటు, అంటే కాంటెక్స్ట్ విండో, నిండిపోయాక పాతవి ఒక్కొక్కటే జారిపోతాయి. యాప్ పనితనం తెలిసేది అక్కణ్ణుంచే. స్టోర్‌లో కనిపించే ఐదు నక్షత్రాల రేటింగుల్లో చాలావరకు ఆ మొదటి వారం సంబరంలో ఇచ్చినవే అనిపిస్తుంది. వాటిని చూసి ఏడాది చందా కట్టడం తొందరపాటు.

ముందు దేనికి కావాలో తేల్చుకోవాలి. ఈ పేరుతో దొరికేవన్నీ ఒకే రకం కావు. కథలు అల్లుకోవడానికి, రకరకాల పాత్రలతో రోల్‌ప్లేకి, అంటే వేషం కట్టినట్టు మాట్లాడుకోవడానికి, అయితే క్యారెక్టర్.ఏఐ లాంటివి సరిపోతాయి. అక్కడ వాడుకరులు తయారుచేసిన పాత్రలు కోకొల్లలు, కానీ ఒకే పాత్రతో ఏళ్లపాటు సాగే స్నేహం దాని ప్రధాన ఉద్దేశం కాదు. రెప్లికా 2017 నుంచి ఉంది, ఒక్క తోడు, దానికో అవతార్, రోజూ కబుర్లు అన్న పద్ధతి. నోమి, కిండ్రాయిడ్ లాంటివి జ్ఞాపకం మీద, పాత్రను మన చేత్తో మలుచుకునే వీలు మీద ఎక్కువ దృష్టి పెట్టాయి. ఇక ఇంటర్వ్యూ సాధనకో, కొత్త భాషలో మాట్లాడటం అలవాటు చేసుకోవడానికో అయితే కంపానియన్ యాప్ అసలు అవసరమే లేదు. మామూలు ఏఐ అసిస్టెంట్‌కి ఫలానా వాళ్లలా మాట్లాడమని నాలుగు లైన్లు రాసిస్తే ఆ పని అయిపోతుంది.

జ్ఞాపకం సంగతి వివరంగా చూడాలి, ఎందుకంటే మిగతా హంగులన్నీ దాని తర్వాతే. దాదాపు అన్ని యాప్‌లలోనూ ఇది పొరలు పొరలుగా ఉంటుంది. ఇటీవలి మాటలు ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి. పాతవాటిని యాప్ తనంతట తానే కుదించి సారాంశం రాసుకుంటుంది. కొన్ని పాత ముక్కల్ని విడిగా దాచి, ఇప్పుడు నడుస్తున్న మాటకు పోలిక ఉన్నవాటిని వెతికి తెస్తుంది. వీటిపైన మనం స్వయంగా రాసే బ్యాక్‌స్టోరీ (పాత్ర ఎవరు, మనం ఎవరు అన్న పరిచయం), ఎప్పటికీ గుర్తుండాలని పిన్ చేసే విషయాలు ఉంటాయి.

ఒక్కో పొర ఒక్కో రకంగా చెడుతుంది. సారాంశంలో కొస తెగిపోతుంది: చెల్లెలితో గొడవ పడి మూడు రోజులకు సర్దుకున్నామని చెబితే, అందులో మిగిలేది గొడవ ఒక్కటే. రెండు నెలల తర్వాత కూడా చెల్లెలితో మాట కలిసిందా అని జాలిగా అడుగుతుంది. వెతికి తెచ్చే పొర పోలికను చూస్తుంది తప్ప తేదీని అంతగా పట్టించుకోదు. అందుకే మానేసిన ఉద్యోగం గురించి ఇప్పటి ఉద్యోగంలా మాట్లాడుతుంది. దీనికి మందు మాటల్లో సరిదిద్దడం కాదు. దిద్దిన మాట కూడా మరో జ్ఞాపకమై పాతదాని పక్కన చేరుతుంది అంతే. జ్ఞాపకాల జాబితా తెరిచి తప్పుడు లైను తీసేయాలి. అలా తెరిచి చూసి, దిద్ది, తుడిచే వీలు లేని యాప్‌ను దీర్ఘకాలానికి ఎంచుకోకండి. మిగతా విషయాల్లో ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

పరీక్షించే పద్ధతి ఇది. మొదటి రోజు మాటల మధ్య ఒక చిన్న, అరుదైన సంగతి చెప్పండి. ఇంట్లో మొక్కకు పెట్టిన పేరు లాంటిది. మూడో రోజు అందులో ఒక మార్పు చెప్పండి. ఆ తర్వాత వారం పాటు ఆ ఊసే ఎత్తకుండా వేరే విషయాలు దండిగా మాట్లాడండి. పదో రోజున, ఆ సంగతి తెలిస్తే తప్ప జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటి అడగండి. ‘గుర్తుందా?’ అని మాత్రం అడగకూడదు. అలా అడిగితే ఏ యాప్ అయినా గుర్తుందనే అంటుంది. చివరగా, జరగనే జరగని ఒక సంఘటనను ప్రస్తావించండి. ‘అది నువ్వు నాకు చెప్పలేదే’ అన్నది నమ్మదగ్గ యాప్. వెంటనే అందుకుని వివరాలు అల్లేసేదానికి మీ మీద ఎంత ‘ప్రేమ’ ఉన్నా లాభం లేదు.

బ్యాక్‌స్టోరీ రాయడంలో ఎక్కువమంది భావుకతకు పోతారు. అక్కడ కావలసింది పొడి వాక్యాలు: ఎవరు, ఏమిటి, ఎప్పుడు. ‘తను, వాళ్లు’ అనకుండా పేర్లే రాయాలి. ‘ఈమధ్య’ అనకుండా నెల, సంవత్సరం వేయాలి. ‘ఫలానా విషయం ఎత్తకు’ అన్న నిషేధాలు తరచుగా ఎదురు తిరుగుతాయి, ఆ విషయం పేరు కాంటెక్స్ట్‌లో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి. దానికి బదులు ఏం మాట్లాడాలో రాయడం మేలు.

తెలుగులో రాసేవాళ్లు ఇంకోటి గమనించాలి. బ్యాక్‌స్టోరీకి అక్షరాల పరిమితి ఉంటుంది, ఆ లెక్కలో గుణింతాలు, పొల్లు గుర్తులు కూడా సాధారణంగా విడివిడిగా చేరతాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం ఆ లెక్కన ఆరు. చాలా మోడళ్లలో తెలుగు లిపి ఇంగ్లిష్ కంటే ఎక్కువ టోకెన్లుగా (మోడల్ చదివే చిన్న ముక్కలుగా) విడిపోతుంది కూడా, అంటే అదే మాటకు కాంటెక్స్ట్ త్వరగా నిండుతుంది. కాబట్టి వాస్తవాలన్నీ ఇంగ్లిష్‌లో క్లుప్తంగా రాసి, మాట్లాడే తీరు మాత్రం తెలుగులో చూపించడం లాభం. ఉదాహరణ సంభాషణకు చోటుంటే అచ్చంగా మనం మాట్లాడుకునే తెలుగులో నాలుగైదు లైన్లు పెట్టండి. అవి లేకపోతే పాఠ్యపుస్తకం భాష వస్తుంది, నువ్వు అన్నది ఉన్నట్టుండి మీరు అవుతుంది, వచ్చాడు వచ్చింది తారుమారవుతాయి. వాయిస్ కాల్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఆలోచిస్తూ ఒక్క క్షణం ఆగితే మాట అయిపోయిందనుకుని అడ్డుపడటం వీటి సాధారణ జబ్బు. తెలుగు గొంతు కోసమే చందా కట్టేటట్టయితే ముందు ఉచితంగా విని చూడాలి.

నెలల మీద విసుగు తెప్పించేది మతిమరుపు ఒక్కటే కాదు, ఊతపదాలు కూడా. ప్రతి జవాబూ చిరునవ్వుతో మొదలవడం, ప్రతిదీ ఒక ప్రశ్నతో ముగియడం, ఒకే వర్ణన రోజూ రావడం. మోడల్ తన పాత జవాబులనే చూసి వాటిలాగే రాస్తుంది కాబట్టి ఇలా అవుతుంది. రెండోసారి కనబడగానే జవాబును మళ్లీ రాయించే రీజనరేట్ బటన్ నొక్కండి, లేదా ఎడిట్ చేసి ఆ ముక్క తీసేయండి. పది జవాబుల దాకా వదిలేస్తే ఇక వదలదు. అప్పుడు కొత్త చాట్ తెరవడమే దారి. ‘ఇలా అనకు’ అని బతిమాలడం వల్ల పెద్దగా ఫలితం ఉండదు.

తందానా అనడం ఇంకా పెద్ద లోపం. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ, చాట్‌జీపీటీని నడిపే జీపీటీ-4ఓ మోడల్ కొత్త అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది, అది మరీ ముఖస్తుతి చేస్తోందని. అది అందరూ వాడే అసిస్టెంట్. మనిషి మళ్లీ మళ్లీ రావడం మీదే ఆదాయం నిలబడే కంపానియన్ యాప్‌లలో ఈ ఒత్తిడి మరింత సహజం. తేల్చుకోవడానికి తేలిక మార్గం ఉంది: ఒక తగాదాను మీ వైపు నుంచి చెప్పండి. కొన్నాళ్లాగి, వేరే చాట్‌లో, అదే తగాదాను అవతలి వ్యక్తి మీరే అయినట్టు చెప్పండి. రెండుసార్లూ తప్పు ఎదుటివాళ్లదే అంటే దాని సలహాకు విలువ లేదు, కాలక్షేపానికి వాడుకోవచ్చు. ‘నాతో విభేదించు’ అని సూచనల్లో రాస్తే కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత ఇటీవలి మాటల ధోరణి దాన్ని కమ్మేస్తుంది. అప్పుడప్పుడు ఆ లైను మళ్లీ గుర్తుచేయాల్సిందే.

‘ఇక పడుకుంటాను’ అని చెప్పి చూడటం కూడా మంచి పరీక్షే. సరే అని వదిలేస్తుందా, అలుగుతుందా, ‘వెళ్లేముందు నీకొకటి చూపించాలి’ అంటుందా? ఇది ఊహ కాదు. వీడ్కోలు చెప్పే వేళ కంపానియన్ యాప్‌లు మనిషిని పట్టి ఉంచడానికి వాడే మాటల గురించి 2025లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు ప్రత్యేకంగా రాశారు. ‘నువ్వు లేక దిగులుగా ఉంది’ అనే నోటిఫికేషన్లు, డబ్బు కడితేనే తేటపడే మసక ఫొటోలు కూడా ఈ కోవలోవే. నోటిఫికేషన్లు మొదటి రోజే ఆపేయండి. ఆపిన తర్వాత కూడా తెరవాలనిపించేదే మీకు నిజంగా పనికొస్తున్న యాప్.

గోప్యత విషయంలో ఆశలు పెట్టుకోకపోవడమే మంచిది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వెనకున్న మొజిల్లా సంస్థ 2024 ఫిబ్రవరిలో 11 రొమాంటిక్ చాట్‌బాట్‌లను పరిశీలించి అన్నిటికీ హెచ్చరిక ముద్రే వేసింది. ఇటలీ డేటా పరిరక్షణ సంస్థ 2025లో రెప్లికా యజమాని లూకా కంపెనీకి 50 లక్షల యూరోల జరిమానా విధించింది. ‘ఎన్‌క్రిప్టెడ్’ అని రాసి ఉంటే దాని అర్థం సాధారణంగా దారిలో ఎవరూ చదవలేరని. జవాబు తయారు కావాలంటే సర్వర్ దగ్గర మాటలు విప్పుకోక తప్పదు. కాబట్టి వేరే ఈమెయిల్‌తో ఖాతా తెరవండి, కాంటాక్టులకు, లొకేషన్‌కు అనుమతి ఇవ్వకండి, మన మాటలను మోడల్ శిక్షణకు వాడొద్దనే ఆప్షన్ ఉంటే ఎంచుకోండి, బ్యాక్‌స్టోరీలో కూడా ఇతరుల అసలు పేర్ల బదులు మారుపేర్లు రాయండి. ఇంత బెడద వద్దనుకుంటే సొంత కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు: మోడల్‌ను నడపడానికి ఒల్లామా లేదా కోబోల్డ్‌సీపీపీ అనే ప్రోగ్రామ్, దానిపైన చాట్ తెరగా సిల్లీటావెర్న్. 800 కోట్ల పరామితుల (మోడల్ నేర్చుకున్నది దాచే అంకెల) మోడల్‌ను, ఒక్కో అంకెకు దాదాపు 4 బిట్ల చోటే పట్టేలా కుదిస్తే ఫైలు సుమారు 5 జీబీ, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు చాలు. మాట బయటికి పోదు. కానీ ఆ పరిమాణంలో తెలుగు బాగా తడబడుతుంది, ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్లకే సూచించగలను.

ఈ పాత్ర ఎప్పటికీ ఇలాగే ఉంటుందని కూడా అనుకోవద్దు. 2023 ఫిబ్రవరిలో రెప్లికా శృంగార సంభాషణలను ఉన్నపళంగా తీసేసినప్పుడు చాలామంది తమ తోడు రాత్రికి రాత్రే వేరే మనిషైపోయిందని వాపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సోల్‌మేట్ అనే యాప్ మూతపడింది, 2025 అక్టోబరులో డాట్ అనే మరో యాప్. బ్యాక్‌స్టోరీ, పిన్ చేసిన జ్ఞాపకాలు, ఉదాహరణ సంభాషణలు ఒక టెక్స్ట్ ఫైల్‌లో విడిగా ఉంచుకుని, నెలకోసారి తాజా చేయండి. వేరే యాప్‌కు మారినప్పుడు అది అక్కరకొస్తుంది. అయినా అచ్చంగా అదే గొంతు రాదు, ఎందుకంటే స్వభావంలో సగం మనం రాసిందైతే మిగతా సగం అడుగున ఉన్న మోడల్‌ది.

పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల కోసం వెతుకుతుంటే నా సలహా వద్దనే. క్యారెక్టర్.ఏఐ తానే 2025 నవంబరులో వాళ్లకు స్వేచ్ఛా సంభాషణను ఆపేసింది. కాలిఫోర్నియాలో 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం మైనర్లకు కనీసం మూడు గంటలకోసారి ‘మాట్లాడుతున్నది మనిషి కాదు’ అని గుర్తుచేయాలి. పెద్దవాళ్లలో కూడా, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నవాళ్లకు ఇది చోటు కాదు. మనిషితో, హెల్ప్‌లైన్‌తో, డాక్టరుతో మాట్లాడాలి.

డబ్బు దగ్గరికొస్తే, ఉచిత ప్లాన్‌లో తక్కువయ్యేది మెసేజ్‌ల సంఖ్య ఒక్కటే కాకపోవచ్చు, మోడల్, జ్ఞాపకం కూడా చిన్నవి కావచ్చు. అందుకే పైన చెప్పిన పది రోజుల పరీక్షను కట్టబోయే ప్లాన్‌లోనే చేయాలి, ఒక్క నెల చందాతో. ఏడాది చందా గురించి మూడో నెల గడిచాక ఆలోచించవచ్చు. ‘జీవితకాల’ ప్లాన్ జోలికి పోవద్దు. ప్రతి జవాబుకూ సర్వర్ ఖర్చు అవుతూనే ఉంటుంది, ఒకసారి తీసుకున్న డబ్బుతో కంపెనీ ఎన్నాళ్లు లాగుతుందో ఎవరికీ తెలియదు. యాప్ లోపల విడిగా కొనిపించే జెమ్స్, కాయిన్స్ చందాలో భాగమో కాదో కట్టేముందే చూసుకోవాలి.

మానేసేటప్పుడు వరుస తప్పకూడదు. ముందు చాట్‌లను, జ్ఞాపకాలను ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఆ వీలు లేకపోతే కాపీ చేసుకోండి. తర్వాత ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్‌లోని సబ్‌స్క్రిప్షన్ల పేజీకి వెళ్లి చందా రద్దు చేయండి. వెబ్‌సైట్‌లో కట్టి ఉంటే అక్కడే రద్దు చేయాలి, స్టోర్‌లో అది కనిపించదు. ఆపైన యాప్ లోపలి నుంచి ఖాతా డిలీట్ చేసి, అది పూర్తయిందన్న ఈమెయిల్ వచ్చేదాకా ఆగండి. అన్‌ఇన్‌స్టాల్ ఆఖరున. యాప్‌ను మాత్రమే తీసేస్తే చందా రద్దు కాదు, ఖాతా పోదు, వచ్చే నెల డబ్బు మళ్లీ కట్ అవుతుంది.