అంబాసిడర్ తలుపు బందులకు పిన్నులు వేయించబోయేవారు ఇది చదివి వెళ్ళండి

నాకు ఈ పని చేసిన షెడ్డు విజయనగరంలో పాత కార్లు ఉన్నవారందరికీ తెలిసినదే కనుక పేరు రాయడం లేదు. కోపం ఇంకా చల్లారలేదు, వరుస తప్పితే మన్నించండి.

మా నాన్నగారి అంబాసిడర్‌లో డ్రైవరు వైపు తలుపు కిందికి జారిపోయి, పైకి ఎత్తి నెడితే తప్ప పడేది కాదు. ఆ బండి తయారీయే 2014లో ఆగిపోయింది కనుక కొత్త బందుల కోసం తిరగకుండా పిన్నులు మార్చమని ఆ షెడ్డు మెకానిక్‌కు ఇచ్చాను. బెజ్జాలు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయనీ, రీమరుతో (బెజ్జాన్ని సాపుగా తొలిచే పనిముట్టు) గుండ్రంగా తీసి ఓవర్‌సైజు పిన్నులు దిగ్గొడతాననీ చెప్పింది అతనే. రెండు బందులకూ కలిపి 1,800 రూపాయలు తీసుకున్నాడు. పాత పిన్నులు అడిగితే "చెత్తలో పోయాయి మాస్టారూ" అన్నాడు. అనుమానం అక్కడే రావలసింది; తలుపు చక్కగా పడుతోందన్న మురిపెంలో నాకు రాలేదు.

తొమ్మిదో రోజున రామతీర్థం నుంచి వస్తుంటే నెల్లిమర్ల దగ్గర తలుపు మళ్ళీ టకటకలాడింది. మర్నాడు ఒక లేత్ షాపులో చూపిస్తే, ఆ పెద్దాయన కింది నుంచి పంచ్ (ఇనుప కడ్డీ) పెట్టి ఒక్కసారి తట్టేసరికి పిన్ను చేతిలోకి వచ్చేసింది. దానికి చుట్టుకొని, గ్రీజులో నల్లబడిన ఒక పలుచని రేకు ముక్క ఉంది. గుడ్డతో తుడిచి చూస్తే నారింజ రంగు, సగం తెగిన అక్షరాలు, పక్కన ధర. కూల్‌డ్రింకు డబ్బా కత్తిరించి పిన్నుకు చుట్టి, మిగిలిన సందులో ఎం-సీల్ (సందులు పూడ్చే ముద్ద) కూరి, పైన గ్రీజు పూశాడు. రీమరు ఆ బెజ్జం మొహమే చూడలేదు. 1,800 పోసిన నాకు అందులోని కూల్‌డ్రింకైనా దక్కలేదు.

పిన్ను బందుకున్న రెండు రెక్కల్లో ఒకదానిలో కదలకుండా బిగుసుకోవాలి, రెండో రెక్కలో మాత్రమే తిరగాలి. బిగువు తప్పితే పిన్ను రెండు వైపులా ఆడుతూ ఉక్కునే తినేస్తుంటే, ఆ మెత్తని అల్యూమినియం రేకు తలుపు బరువుకు ఎన్నాళ్ళు ఆగుతుంది?

రేకు ముక్క పట్టుకొని షెడ్డుకు వెళ్ళాను. అతను ఫోను మీద నుంచి తల ఎత్తకుండానే, "పాత బండికి ఇంతకన్నా ఏం చేస్తారు మాస్టారూ, అంత పట్టింపు ఉంటే కొత్త కారు కొనుక్కోండి" అన్నాడు. పక్కన కుర్రాళ్ళు నవ్వారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన నేను, బదులు ఒక్క మాట కూడా తోచక బయటికి వచ్చేశాను. డబ్బు పోయినదానికన్నా అదే ఎక్కువ మండుతోంది.

ఇప్పుడు లేత్ షాపులోనే బెజ్జం సాపు చేసి ఇత్తడి బుష్ (బెజ్జంలో దిగే గొట్టంలాంటి తొడుగు) ఎక్కిస్తున్నారు. మీరు వెళితే రీమరు తిరిగేటప్పుడు దగ్గరే నిలబడండి, పాత పిన్నులు అడిగి తీసుకోండి. డబ్బిచ్చే ముందు తలుపు సగం తెరిచి అంచు పట్టుకొని పైకి ఎత్తండి, బందు దగ్గర ఏమాత్రం ఆడినా పర్సు తీయకండి.