కళ్ళ కింద సంచులు: ఫిల్లర్ రెండుసార్లు, కరిగించడం రెండుసార్లు, చివరికి ఆపరేషన్

"ఏంటి మేడమ్, ఒంట్లో బాగాలేదా?" స్టాఫ్ రూమ్‌లో ఈ ప్రశ్న నాకు ముప్పై ఆరో ఏట మొదలైంది. ఎనిమిది గంటలు నిద్రపోయి వచ్చినా అదే ప్రశ్న. కళ్ళ కింద రెండు సంచులు, వాటి కింద ముక్కు పక్క నుంచి బుగ్గ వైపు దిగే గుంట. మా అమ్మకు ఇవే కళ్ళు, మా మేనమామకూ ఇవే. దోసకాయ ముక్కలు, బంగాళాదుంప రసం, వేల రూపాయల ఐ క్రీములు, అన్నీ అయ్యాయి. నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను, వయసు 48. ఇంజెక్షన్లు, ఆపరేషన్ రెండూ చేయించుకున్నాను. ఆపరేషన్ అయి రెండేళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడు రాయవచ్చు అనిపించింది. చేయించుకున్న పదో రోజున రాసే సంతోషం మీద నాకు నమ్మకం లేదు. ఫిల్లర్, అంటే గుంట పూడ్చే జెల్ ఇంజెక్షన్, వేయించుకున్న పదో రోజున నేనూ అంతే సంతోషంగా ఉన్నాను మరి.

మొదట బొటాక్స్ సంగతి, ఎందుకంటే ఈ దారిలోకి నేను వచ్చింది దానితోనే. 2018లో కనుబొమల మధ్య ఉన్న రెండు నిలువు గీతలకు వేయించుకున్నాను. నేను మామూలుగా నిలబడి ఉన్నా పిల్లలు కోపంగా ఉన్నానని భయపడేవాళ్ళు, అది నన్ను బాధపెట్టేది. ఈ మందు పనిచేసే తీరు తేలికగా అర్థమవుతుంది. నరం చివర కబురు మోసే రసాయనం అసిటైల్‌కొలీన్ విడుదల కాకుండా ఆపుతుంది, కండరానికి ముడుచుకోమనే కబురు అందదు. మూడు నాలుగు రోజులకు పట్టు మొదలై రెండు వారాలకు పూర్తిగా తెలుస్తుంది, మూడు నాలుగు నెలలకు మెల్లగా వదిలేస్తుంది. అమెరికాలో 1989లో మెల్లకన్నుకు, రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు దీనికి అనుమతి వచ్చింది, ఈ గీతలకు 2002లో వచ్చింది. అంటే అందం కోసం వాడకముందే కంటి డాక్టర్ల చేతిలో ఏళ్ళ తరబడి నలిగిన మందు. నాకు ధైర్యం ఇచ్చింది ఆ సంగతే.

ఐదు చోట్ల నాలుగేసి యూనిట్లు, మొత్తం 20. యూనిట్‌కు 300 నుంచి 400 రూపాయలు ఇస్తూ వచ్చాను. ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. బొటాక్స్ ఒక కంపెనీ మందు పేరు, కానీ మన దగ్గర ఆ జాతి మందులన్నిటినీ అలాగే పిలుస్తారు. డిస్‌పోర్ట్ కూడా అదే పని చేస్తుంది గానీ దాని యూనిట్ లెక్క వేరు. ఇదే గీతలకు బొటాక్స్ 20 యూనిట్లయితే డిస్‌పోర్ట్ 50. అందుకే "మా దగ్గర యూనిట్ చౌక" అన్న మాట విని పోల్చుకోకూడదు. ఏ మందో, ఎన్ని యూనిట్లో రెండూ అడగాలి. సీసా మీ ముందే తెరవమనండి. అందులో ఉండేది పొడి, సెలైన్‌తో కలిపి వాడతారు, ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎంత నీళ్ళు కలిపారో కలిపినవాళ్ళకే తెలుస్తుంది.

ఒక్కసారి నాకు తేడా జరిగింది. ఆఫర్ ఉందని ఒక కొత్త క్లినిక్‌కు వెళ్ళాను. వారానికి ఎడమ రెప్ప సగం వాలిపోయింది. మందు రెప్పను ఎత్తే కండరం దాకా పాకిందని నా పాత డాక్టర్ గారు చెప్పి, రెప్ప కొంచెం లేవడానికి చుక్కలు రాసిచ్చారు. పూర్తిగా లేవడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ బోర్డు వైపు తిరిగే ఎక్కువసేపు పాఠం చెప్పాను. అయినా బొటాక్స్ మానలేదు. ఆ గీతలకు అంతకంటే మంచి ఉపాయం నాకు కనిపించలేదు. నుదురు పైకి లాగే ఆపరేషన్ ఉందిగానీ, రెండు గీతల కోసం అంత దూరం వెళ్ళాల్సిన అవసరం లేదని ఇద్దరు సర్జన్లు చెప్పారు.

ఇక కళ్ళ కింది సంగతి.

2020లో ఆన్‌లైన్ క్లాసులు వచ్చి రోజుకు నాలుగు గంటలు నా మొహాన్ని నేనే తెర మీద చూసుకోవాల్సి వచ్చింది. బయటికి వెళితే మాస్కు, అంటే కనిపించేవి కళ్ళు మాత్రమే. ఆ డిసెంబరులో బొటాక్స్ వేసే స్కిన్ క్లినిక్‌లోనే ఫిల్లర్ మాట వచ్చింది. హైఅల్యురానిక్ ఆసిడ్ జెల్. మన చర్మంలో సహజంగా ఉండే పదార్థమే, తొందరగా కరగకుండా దాని అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి కలిపి చిక్కగా చేస్తారు. మొద్దు కొస ఉన్న సన్నని గొట్టం, కాన్యులా అంటారు, దానితో ఒక్కో వైపు అర ఎం.ఎల్. వేశారు. నొప్పి దాదాపు లేదు, కొంచెం కరకరమన్న చప్పుడు లోపల వినిపించింది. ఇరవై నిమిషాల్లో గుంట మాయం. ఒక ఎం.ఎల్. సిరంజికి 28 వేలు. ఇంటికొస్తే మా ఆయన "ఏదో తేటగా ఉన్నావ్" అన్నారు, ఏం చేయించానో చెప్పేదాకా ఆయనకు తెలియలేదు.

ఆ సంతోషం దాదాపు ఏడాది నిలిచింది. 2022 జనవరిలో ఇంకో ఎం.ఎల్. వేయించుకున్నాను. తప్పు అక్కడే జరిగింది. పాతది కరిగిపోయి ఉంటుందనుకున్నాం. ఏడాది అని చెప్పే ఫిల్లర్ కళ్ళ కింద కొన్నేళ్ళపాటు ఉండిపోగలదని తర్వాత తెలిసింది. అక్కడ కదలిక తక్కువ, అందుకే బుగ్గల్లో, పెదవుల్లో కరిగినంత తొందరగా కరగదు. పైగా ఈ జెల్ నీటిని పట్టుకునే రకం. వేసవికల్లా పొద్దున లేవగానే కళ్ళ కింద ఉబ్బు, ఆవకాయ తిన్న మర్నాడు ఇంకా ఎక్కువ. ఎండలో చూస్తే లేత నీలి ఛాయ. పల్చని చర్మం కింద జెల్ ఉంటే వెలుతురు చెదిరి అలా నీలంగా కనిపిస్తుంది, దానికి టిండాల్ ఎఫెక్ట్ అని పేరు. కొల్లాయిడ్ల పాఠంలో ఏటా నేను బోర్డు మీద రాసే మాటే అది. అదే నా మొహం మీద కనపడిన రోజు అద్దం ముందు చాలాసేపు నిలబడిపోయాను.

ఈసారి క్లినిక్ మార్చి, కంటి ప్లాస్టిక్ సర్జరీ, అంటే ఆక్యులోప్లాస్టీ చేసే డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చేసిన పరీక్ష మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. తల కదపకుండా కళ్ళు మాత్రం పైకెత్తమన్నారు. సంచులు ఇంకా ముందుకు వచ్చాయి. అలా వస్తే అది కనుగుడ్డు చుట్టూ ఉండే కొవ్వు, వయసుతో దాన్ని ఆపే పొర సడలి ముందుకు జారినది. నీరు అయితే చూపు మారినా పెద్దగా మారదు, పూటపూటకూ మారుతుంది. తర్వాత మొహానికి ఎదురుగా లైటు పెట్టారు. నలుపులో సగం మాయమైంది, అంటే అది ఉబ్బు పడేసిన నీడ. ఎదురు వెలుతురులో కూడా మిగిలినది చర్మం రంగు. "మీకున్నది ఎక్కువగా కొవ్వు, కొంచెం గుంట, కొంచెం రంగు. కొండ పక్కన గుంట పూడిస్తే కొండ పోదు కదమ్మా" అన్నారు. నాలుగేళ్ళలో నాకు ఇంత స్పష్టంగా చెప్పినవాళ్ళు లేరు. ఫిల్లర్ వేసిన చోట చెడ్డపని చేశారని అనను, వాళ్ళ చేతిలో ఉన్నది సిరంజి. అయినా సంచికి కారణం చూడకుండా వేశారన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

జెల్‌ను కరిగించడానికి హైఅల్యురానిడేస్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్ ఇస్తారు. అలర్జీ ఉందేమోనని ముందు చేతి మీద కొంచెం వేసి చూశారు. ఫిల్లర్ కంటే ఇదే మండింది. నవంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి. రెండో రోజుకల్లా జెల్ దిగిపోయి మొహం పదేళ్ళు మీద పడ్డట్టు అయింది. అది చూసి ఏడ్చాను. పాత మొహం తిరిగి వస్తుందనుకుంటాం, కానీ ఈలోగా రెండేళ్ళ వయసు కూడా కలిసి వస్తుంది.

అయినా హైఅల్యురానిక్ ఆసిడ్ ఫిల్లర్‌కు ఉన్న పెద్ద బలం ఇదే, వద్దనుకుంటే కరిగించవచ్చు. మన ఒంట్లో వేరే చోటి కొవ్వునే తీసి కళ్ళ కింద ఎక్కించే ఫ్యాట్ గ్రాఫ్టింగ్‌కు ఆ వీలు లేదు. అతికింది అతుకుతుంది, మిగతాది శరీరం పీల్చుకుంటుంది, గడ్డ కడితే సరిచేయడం కష్టం, బరువు పెరిగితే అదీ పెరుగుతుంది. నాకు ఒకచోట అది కూడా చెప్పారు, వద్దన్నాను. పీఆర్పీ, అంటే మన రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం ఇంజెక్షన్, మూడు సిట్టింగులు చేయించుకున్నాను, నాకు తేడా కనపడలేదు.

2023 మే, వేసవి సెలవుల్లో ఆపరేషన్. కింది రెప్పకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి రెప్ప వెంట్రుకల కింద బయట కోయడం, కొవ్వుతోపాటు వేలాడే చర్మాన్నీ తీయవచ్చు. రెండోది రెప్పను కిందికి లాగి లోపలి ఎర్రటి పొరలో కోయడం, బయట మచ్చే ఉండదు. మా ఆడపడుచుకు ఆరేళ్ళ కింద మొదటి పద్ధతిలో చేశారు. ఆమెకు కింది రెప్ప కొంచెం కిందికి లాగి నల్లగుడ్డు కింద తెల్లగుడ్డు కనపడేది, నెలల తరబడి మసాజ్ చేస్తే చాలావరకు సర్దుకుంది. ఆ ప్రమాదం లోపలి పద్ధతిలో తక్కువ, కానీ చర్మం మాత్రం అలాగే ఉంటుంది. నాకు వేలాడే చర్మం పెద్దగా లేదు, పైగా చామనఛాయ. కోత పడితే నల్లమచ్చ ఉండిపోతుందేమోనన్న భయం కూడా ఉంది. లోపలి పద్ధతే అడిగాను, డాక్టర్ కూడా అదే అన్నారు. కింది రెప్పలో కొవ్వు మూడు చిన్న సంచుల్లో ఉంటుంది. బయటి వైపుది కొంచెం తీసేసి, లోపలి రెండిటినీ ఎముక అంచు మీదుగా గుంటలోకి జరిపి కుట్టారు. పాత పద్ధతిలో ఆ కొవ్వంతా తీసి పారేసేవాళ్ళు, ఏళ్ళు గడిచాక కళ్ళు లోతుకు పోయేవి. మీరు వెళితే ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగండి: తీస్తారా, జరుపుతారా?

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు ఆస్పిరిన్, చేప నూనె మాత్రలు ఆపించారు. రక్తం పల్చబడకూడదు. మత్తుగా ఉండే మందు, రెప్పకు లోకల్, అంటే అక్కడ మాత్రమే తిమ్మిరెక్కించే ఇంజెక్షన్. గంటన్నర. మాటలు వినిపించాయి, నొప్పి లేదు. ఇంటికొచ్చిన మొదటి రాత్రి గురించి మాత్రం గట్టిగా చెప్పి పంపారు. కన్ను పేలిపోతున్నంత నొప్పి వచ్చినా, చూపు మసకబారినా ఎన్ని గంటలకైనా వచ్చేయమన్నారు. కంటి వెనక రక్తం చేరితే చూపు పోవచ్చు, అది అరుదు. ఫిల్లర్‌లోనూ చూపు పోయే ప్రమాదం ఉంది, జెల్ పొరపాటున రక్తనాళంలోకి వెళితే. అదీ అరుదే. అయితే ఆపరేషన్ ముందు నా చేత నాలుగు పేజీల మీద సంతకం పెట్టించారు, ఫిల్లర్‌కు ముందు ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. ఇంజెక్షన్ కదా అని మనమూ అడగం. ఫిల్లర్‌కు వెళ్ళేవాళ్ళు కరిగించే ఎంజైమ్ అక్కడ సిద్ధంగా ఉందా లేదా అడగకుండా బల్ల మీద పడుకోకండి.

రెండు తలగడల మీద వారం రోజులు పడుకున్నాను. నలుపూ ఊదా రంగూ బుగ్గల దాకా దిగి పసుపుగా మారి రెండు వారాలకు పోయింది. వంగకూడదు, బరువు ఎత్తకూడదు. మా చెల్లెలు వచ్చి పది రోజులు వంట చేసిపెట్టింది. కుడి కన్ను తెల్లగుడ్డు మీద పొర జెల్లీలా ఉబ్బి మూడు వారాలు ఉంది. మామూలే అన్నారు గానీ చూసినప్పుడల్లా టెన్షన్. ఆ కన్ను పొడిబారడం నాలుగు నెలలు వేధించింది, చుక్కలు లేకుండా గడప దాటలేదు. కళ్ళు ముందే పొడిబారేవాళ్ళు ఈ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. జూన్‌లో కాలేజీ తెరిచేసరికి బయటివాళ్ళకు ఏమీ తెలియలేదు. నాకు నచ్చిన మొహం మాత్రం ఆరో నెలకు వచ్చింది.

ఆపరేషన్ ఖర్చు లక్షా ఇరవై వేలు, అప్పట్లో దాని మీద 18 శాతం జీఎస్టీ. జబ్బు కోసం చేసే వైద్యానికి ఉన్న మినహాయింపు అందం కోసం చేసేదానికి లేదు. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా రాదు. బిల్లు దగ్గర ఉలిక్కిపడకుండా ముందే లెక్కేసుకోండి. ఫిల్లర్ రెండుసార్లు, కరిగించడం రెండుసార్లు, పీఆర్పీ కలిపితే నాకు అప్పటికే 90 వేలు దాటాయి. చౌక అనుకున్న దారి చౌక కాలేదు.

ఇప్పుడు ఎలా ఉంది? సంచులు తిరిగి రాలేదు. గుంట ముప్పావు వంతు పూడింది, ఎడమ వైపు కొంచెం మిగిలింది. నవ్వితే సన్నని ముడతలు అలాగే ఉన్నాయి. రంగు అలాగే ఉంది. నలుపు కోసం మాత్రమే ఆపరేషన్‌కు వెళితే నిరాశ తప్పదు. మనవాళ్ళ చర్మంలో ఆ నలుపు చాలావరకు మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం. కత్తీ సిరంజీ దాన్ని తాకవు. ఆవకాయ తిన్నా పొద్దున్నే మొహం మామూలుగా ఉంటుంది, ఇది నాకు చిన్న సంగతి కాదు.

ఫిల్లర్ మీద కోపంతో రాశానని అనుకోకండి. మా పిన్ని కూతురికి 29 ఏళ్ళు, ఉబ్బు అసలు లేదు, ఉట్టి గుంటే. ఒక్కో వైపు పావు ఎం.ఎల్. మాత్రమే వేయించుకుంది. రెండేళ్ళయింది, మళ్ళీ వేయించలేదు, ఎంత బాగుందో. ఆ పిల్లకు ఆపరేషన్ చెబితే తప్పు. ఎవరు చేస్తున్నారన్నది కూడా చూసుకోండి. ఇంజెక్షన్లకు ఎండీ డెర్మటాలజీ గానీ, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ, కంటి దగ్గరైతే ఆక్యులోప్లాస్టీ శిక్షణ గానీ ఉండాలి. బ్యూటీ పార్లర్లలో ఫిల్లర్ వేస్తున్నారని విని భయమేసింది.

మొన్న సంక్రాంతికి ఊరెళితే అమ్మ నా గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది. "నాకూ చేస్తారా?" అంది. 74 ఏళ్ళు, బీపీ ఉంది, రక్తం పల్చబడే మందు వాడుతోంది. ఆ మందు ఆపవచ్చో లేదో గుండె డాక్టర్‌ను అడగాలి, కళ్ళ పొడితనం పరీక్ష చేయించాలి. వచ్చే నెల తీసుకెళ్తున్నాను.