గౌహతిలో పిన్ని కేసు చూసిన వకీలు ఆఫీసు: అయిదుకి మూడున్నర

మా బాబాయి రైల్వే ఉద్యోగం మీద అస్సాం వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఆయన పోయాక ఓటర్ల జాబితాలో పిన్ని పేరు పక్కన ‘డి’ అని పడింది, అంటే సందేహాస్పద ఓటరు. వెనకే ఫారినర్స్ ట్రిబ్యునల్ (ఎవరు విదేశీయులో తేల్చే విచారణ సంస్థ) నోటీసు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన మనిషి, తను విదేశీయురాలు కాదని తనే రుజువు చేసుకోవాలి. ఆ భారం ప్రభుత్వానిది కాదట.

ఆఫీసు పేరు రాయను, కారణం కింద తెలుస్తుంది.

మొదటి రోజు పిన్ని ఆధార్, పాన్, రేషన్ కార్డు అన్నీ లామినేషన్ చేయించి పట్టుకెళ్లింది. వకీలు గారు వాటిని పక్కన పెట్టేశారు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు. ‘ఎక్కడ పుట్టారు, ఎప్పుడు?’ అని మాత్రం అడిగారు. 1987 జూలై 1కి ముందు ఇండియాలో పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు; పిన్నిది 1962. కాబట్టి పుట్టుక తేలితే చాలు.

అసలు చిక్కు పేరుతో. బడిలో అప్పలనరసమ్మ, ఓటరు జాబితాలో నరసమ్మ, పెళ్లితో ఇంటిపేరు కూడా మారింది. 2024లో రహీం అలీ కేసులో సుప్రీంకోర్టు, అక్షరాల్లో, తేదీల్లో చిన్న తేడాలుంటే విదేశీయులని తేల్చేయకూడదంది. ఆ తీర్పు కాపీ మేం అడగకుండానే ఫైల్లో పెట్టారు. ఇందుకు ఫుల్ మార్కులు.

టీసీ ఒక్కటే పెడితే నిలవదని, బడి నుంచి మనిషిని పిలిపించాలని పట్టుబట్టిందీ వాళ్లే. హెడ్మాస్టరు గారు పాత అడ్మిషన్ రిజిస్టర్‌ని తువ్వాల్లో చుట్టుకుని రైల్లో వచ్చారు. ట్రిబ్యునల్ మెంబరు ఆ వరస మీద వేలు పెట్టి, తాతయ్య (పిన్ని వాళ్ల నాన్న) పేరు దగ్గర ఆగినప్పుడు నాకు ఊపిరాడలేదు.

ఇక లోపాలు. జూనియర్లు ఫోన్ ఎత్తరు. జిరాక్సుల డబ్బుకి రసీదు ఇవ్వరు. ఘోరం ఏమిటంటే, తెలుగు రిజిస్టర్‌కి వాళ్లు చేయించిన ఇంగ్లీషు అనువాదంలో 1962 కాస్తా 1967 అయింది. దాఖలు చేసే ముందు రోజు రాత్రి నేను చూశాను కాబట్టి సరిపోయింది. మీరెవరైనా వెళ్తే ప్రతి అంకె దగ్గర కూర్చుని సరిచూసుకోండి.

తీర్పు పిన్నికి అనుకూలంగానే వచ్చింది. దాని సర్టిఫైడ్ కాపీ చేతికిచ్చేసరికి మూడు వారాలు తిప్పారు, ఆ అర మార్కు అక్కడే కోసేశాను.