పార్కు ఎదురుగా లగ్జరీ ఫ్లాటు కొన్నామండి, ఏడాది దాటాక రాస్తున్నా

కాకినాడలో పార్కు ఫేసింగ్ లగ్జరీ అపార్ట్‌మెంట్ అని హోర్డింగు చూసి ఫోన్ చేద్దామనుకునే వాళ్ళ కోసం ఇది. బిల్డర్ పేరు మాత్రం చెప్పను, అడక్కండి. మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు, అమ్మ అక్కడ ఒక్కతే ఉండలేకపోతోందని, పిల్లల చదువులని, గాంధీనగర్ పార్కు ఎదురుగా నాలుగో ఫ్లోర్లో మూడు బెడ్రూముల ఫ్లాటు తీసుకున్నాం, పోయిన శ్రావణంలో గృహప్రవేశం, అంటే ఒక వానాకాలం ఒక ఎండాకాలం అయ్యాకే రాస్తున్నానన్నమాట.

బ్రోచర్లో 2,140 చదరపు అడుగులు. మా బావగారు టేపు పట్టుకొచ్చి గదిగదీ కొలిస్తే లోపల తేలింది 1,490. మిగతాది ఏదండీ అంటే లిఫ్టులో, మెట్లలో, కింద లాబీలో ఫౌంటెన్ దగ్గర మీ వాటా ఉంటుంది సార్ అన్నాడు సేల్స్ కుర్రాడు. 2016 రెరా చట్టంలో (బిల్డర్ల మీద ఉన్న రియల్ ఎస్టేట్ చట్టం లెండి) కార్పెట్ ఏరియా అంటే, అదే ఇంటి లోపల మనం వాడుకునే చోటు, ఏంటో రాసే ఉంది, బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు, అయినా వీళ్ళు రేటు కట్టేది లిఫ్టు, మెట్ల వాటా కూడా కలిపేసిన సూపర్ బిల్టప్ మీదే. మీరు కార్పెట్ ఏరియా ఎంతో, మీ పేరున భూమి ఎన్ని గజాలు రాస్తారో ముందే అడిగేయండి, మేం అడగలేదు. రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం ఎలాగూ తప్పదు, కట్టేటప్పుడే కొన్నాం కాబట్టి జీఎస్టీ ఇంకో 5 శాతం, బిల్డింగు పూర్తయి ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాక కొనుంటే అది ఉండేది కాదు, ఈ ముక్క మాకు చెప్పిన నాథుడు లేడు.

ఇక పార్కు ఫేసింగ్ అని అడుక్కి 300 ఎక్స్‌ట్రా. అది కూడా 2,140 మీదే, లిఫ్టులోంచి కూడా చెట్లు కనిపిస్తాయన్నట్టు. మొత్తం 6,42,000. పార్కు కనిపించేది హాలు బాల్కనీలోంచి మాత్రమే, మాస్టర్ బెడ్రూం కిటికీ తీస్తే పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు పోపు వేస్తున్నారో వేపుడు చేస్తున్నారో తెలిసిపోద్ది.

ఆ బాల్కనీ రైలింగు కథ వినండి. స్టీలు రైలింగు, జీవితాంతం తుప్పు పట్టదన్నారు. మొదటి వానాకాలం అవ్వకుండానే వెల్డింగ్ అతుకుల దగ్గర టీ ఒలికినట్టు గోధుమరంగు మరకలు, తువ్వాలుతో తుడిస్తే తువ్వాలు పాడైంది. సముద్రం గాలికి 304 గ్రేడు స్టీలు ఆగదట, 316 వెయ్యాలట, ఫ్యాబ్రికేషన్ చేసే ఆయన చూడగానే చెప్పాడు. బిల్డర్‌ని అడిగితే పాలిష్ పెట్టించుకోండి సార్ అని నవ్వాడు.

బ్రోచర్ నిండా హెరిటేజ్ హెరిటేజ్ అని ఉంది గానీ ఊరి చరిత్ర ఒక్క లైను లేదు. 1923లో కాంగ్రెస్ మహాసభలు జరిగిన ఊరండి ఇది. అప్పుడు పెట్టిన ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, అదే తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయినావిడ, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. మా సెక్యూరిటీ గార్డుకి అందులో పావొంతు ఉన్నా చాలును, సాయంత్రం ఆరైతే పార్కుకొచ్చిన బళ్ళన్నీ మా గేటుకి అడ్డంగానే, కారు బయటికి తియ్యాలంటే మనమే నాలుగు స్కూటీలు జరపాలి. పొద్దున్నే ఐదున్నరకి నవ్వుల క్లబ్బు వాళ్ళు హహ్హహ్హ అని మొదలెడతారు, అలారం ఖర్చు లేదు లెండి.

పార్కుకి మాత్రం వంక పెట్టను. 1996 తుఫానుకి మా ఊళ్ళో కొబ్బరిచెట్లు ఎలా కూలాయో చూసిన మనిషి కదా, అమ్మ మొదట్లో ఇంత పెద్ద చెట్ల పక్కన ఇల్లేంట్రా అని గోల. ఇప్పుడు ఐదవగానే చెప్పులేసుకుని రెడీ, బెంచీ మీద ఇద్దరు ఫ్రెండ్స్ కూడా, ఒకావిడది మా వెనక వీధిలో అద్దె పోర్షను, ఇంకొకావిడది రామారావుపేట, ఆవిడ నడుచుకుంటూ వచ్చేస్తుంది. చీకటి పడ్డా రాకపోతే బాల్కనీలోంచి కేకేస్తా, వస్తున్నా ఆగరా ఆయ్ అని కిందనుంచే సమాధానం. ఆరు లక్షల్లో అదొక్కటే నాకు కిట్టింది.

పార్కుకి ఐదు స్టార్లు, ఫ్లాటుకి రెండున్నర, సేల్స్ వాళ్ళకి ఒకటి. కాకినాడలో 316 గ్రేడుతో రైలింగు చేసే మంచి పనోళ్ళు తెలిస్తే కింద రాయండి, మళ్ళీ వానలు మొదలయ్యేలోపు మార్పించెయ్యాలి.