16 ఏళ్ల వ్యాగన్‌ఆర్‌లో దారి చెప్పే గొంతు: నాలుగేళ్ల వాడకం తర్వాత

మా వ్యాగన్‌ఆర్ 2009 నాటిది. ఎల్ఎక్స్ఐ, పెట్రోలు. కొన్నప్పుడు అందులో స్టీరియో లేదు. డెలివరీ రోజే ఒక సీడీ ప్లేయరు, వెనక పార్సెల్ ట్రే మీద రెండు ఓవల్ స్పీకర్లు వేయించుకున్నాం. అప్పట్లో పాటలు వినపడితే చాలు. దారి తెలియకపోతే అద్దం దించి ఆటో అతన్ని అడిగేవాళ్లం. 15 ఏళ్లు నిండాక 2024లో ఆర్సీని ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాను. ఇంత పాత బండి మీద ఖర్చెందుకు అని అడిగేవాళ్లకు నా జవాబు అదే.

ఇది పాటల గురించి కాదు. ఫోన్లో మ్యాప్ చెప్పే మాట డ్రైవింగ్ సీట్లో ఉన్నవాడికి సరిగ్గా, సమయానికి వినపడాలి, అంతే నా గోల. మూడేళ్లలో మూడు పద్ధతులు మార్చి 2021 దసరాకి బ్లూటూత్ ఉన్న స్టీరియో పెట్టించాను. దాని మీద ఇప్పటికి దాదాపు 30,000 కిలోమీటర్లు తిరిగాం. ఇందులో ఎక్కువ భాగం ఎల్బీ నగర్ నుంచి విజయవాడ వైపు, మిగతాది సిటీలో.

అసలు ఈ పురుగు బుర్రలో దూరింది 2018లో. దుబాయ్ నుంచి వస్తున్న మా బావగారిని తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకి వెళ్తున్నాం. మెహదీపట్నం దగ్గర పీవీఎన్ఆర్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాలి. ఫోను గేరు పక్కన పడి ఉంది. ఆ గొంతు ఏదో అంది, సరిగ్గా అదే క్షణాన పక్కనున్న సిటీ బస్సు హారన్ కొట్టింది. ఇంకేముంది, ర్యాంపు తప్పిపోయి కింద రోడ్డులో పడ్డాం. తలపైన 11 కిలోమీటర్లకు పైగా ఖాళీ రోడ్డు, కింద అత్తాపూర్ ట్రాఫిక్‌లో పిల్లర్ నంబర్లు లెక్కపెట్టుకుంటూ మేం. పైన వెళ్తున్నామో కింద వెళ్తున్నామో ఫోనుకి వెంటనే తెలియదు కదా, మేం పైనే ఉన్నామనుకుని చాలాసేపు అది నోరు మెదపలేదు. బావగారు మర్యాదస్తులు, ఏమీ అనలేదు. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ అంటుంది.

మొదట కొన్నది ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్. సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చితే ఫోన్లోని శబ్దాన్ని చిన్న రేడియో స్టేషన్‌లా పంపుతుంది, మన రేడియోని అదే ఫ్రీక్వెన్సీకి తిప్పుకోవాలి. 500 రూపాయల్లోపే. అయితే హైదరాబాద్‌లో 91.1, 92.7, 93.5, 98.3 అంటూ వరసగా స్టేషన్లే. ఖాళీ చోటు వెతికి పెట్టుకున్నా, ఊరు దాటాక ఆ ఖాళీలో ఇంకెవరో ఉంటారు. హైవే మీద బండి నడుపుతూ ఫ్రీక్వెన్సీ మార్చడం ఫోను చూడటం కంటే ప్రమాదం. సంక్రాంతి రద్దీలో పంతంగి టోల్ దగ్గర ఆగి ఉంటే మా రేడియోలో ఉన్నట్టుండి వేరే ఎవరిదో భక్తి గీతం మొదలైంది. పక్క కారులోనూ ఇలాంటి ట్రాన్స్‌మిటరే ఉందన్నమాట. మా మ్యాప్ గొంతు వాళ్లకి ‘ఎడమవైపు తిరగండి’ అని చెప్పిందేమో, ఆ దేవుడికే తెలియాలి. రెండు నెలల్లో తీసి డ్రాయర్లో పడేశాను.

తర్వాత ఆక్స్ వైరు, అంటే ఫోన్లో ఇయర్‌ఫోన్ గుచ్చే కన్నం నుంచి స్టీరియోకి కలిపేది. పాత సీడీ ప్లేయరు ముందు భాగంలో 3.5 మిల్లీమీటర్ల కన్నం ఉందని పదేళ్లకి గమనించాను. 150 రూపాయల వైరుతో మాట ఎంత శుభ్రంగా వచ్చిందో! కాకపోతే ఫోనుకి చార్జింగ్ పెట్టగానే స్పీకర్లలో గుయ్ మని ఒకటే రొద. యాక్సిలరేటర్ తొక్కితే రొద కూడా పైస్థాయికి పోతుంది. ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసేది) రొద అంటారు దీన్ని. ఫోనుకి చార్జర్ ద్వారా ఒక ఎర్త్, ఆక్స్ వైరు ద్వారా ఇంకో ఎర్త్ అందుతాయి. ఆ రెండిటి మధ్య తిరిగే కొద్దిపాటి కరెంటే మనకు చెవిలో దోమలా వినపడుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో ‘గ్రౌండ్ లూప్ ఐసోలేటర్’ అని అగ్గిపెట్టె అంత డబ్బా 250కి ఇచ్చారు. లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. శబ్దాన్ని దాటనిచ్చి ఆ లూపును తెంపేస్తాయి. రొద పూర్తిగా పోయింది. బేస్ కాస్త తగ్గుతుంది, కానీ దారి చెప్పే గొంతుకి బేస్‌తో పనేముంది?

నిజం చెప్పాలంటే నేను అక్కడితో ఆగిపోవచ్చు. 400 రూపాయలతో పని అయిపోయింది. 2021లో కొన్న ఫోనుకి ఆ 3.5 కన్నమే లేకపోవడంతో కథ మళ్లీ మొదలైంది. టైప్-సి కన్వర్టర్ పెడితే చార్జింగ్‌కి చోటు లేదు, చార్జింగ్ పెడితే పాటకి చోటు లేదు. పైగా సీడీ ప్లేయరు నాబ్ అరిగిపోయి, ఒక మెట్టు పెంచబోతే ఐదు మెట్లు పెరిగేది.

పెద్ద స్క్రీన్ ఉన్నది పెట్టించుకోమని అందరూ అన్నారు. డబుల్ డిన్, అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 ఎత్తు. నాకు ఎప్పటిలా సింగిల్ డిన్ చాలు, అది 50 ఎత్తే. స్టీరియో కింద ఉన్న చిన్న అరలో కళ్లజోడు, టోల్ రసీదులు, మా ఆవిడ వక్కపొడి ఉంటాయి, ఆ చోటు పోగొట్టుకోదల్చుకోలేదు. స్క్రీన్ ఉంటే చూడాలనిపిస్తుంది కూడా. నాకు వినడమే కావాలి. ఫోన్లోని మ్యాప్‌ని కారు స్క్రీన్ మీద చూపే ఆండ్రాయిడ్ ఆటో అలవాటైనవాళ్లకి ఈ మాట నచ్చదు, వాళ్ల దారి వాళ్లది.

కొన్నది 4,500 రూపాయల బ్లూటూత్ స్టీరియో, పేరున్న కంపెనీదే. ఏ కంపెనీ అని అడక్కండి, ఈ ధరలో అన్నీ అన్నదమ్ములే. పెట్టె మీద 50 వాట్లు ఇంటూ 4 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది పీక్ లెక్క, అంటే క్షణకాలం మాత్రమే ఇవ్వగలిగేది. లోపలి కాగితంలో ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇచ్చేది చూస్తే ఒక్కో స్పీకరుకి 20 చిల్లర. అదీ మనకి ఎక్కువే. చూడాల్సింది కాల్స్‌కి బయట పెట్టుకునే మైకు ఇస్తారా లేదా, రెండు ఫోన్లు ఒకేసారి కలుపుకోవచ్చా లేదా అని. ఈ రెండో సంగతి నేను చూసుకోలేదు, తర్వాత అనుభవించాను.

బిగింపు దగ్గర ఒక ముచ్చట. పసుపు వైరు ఎప్పుడూ బ్యాటరీతో కలిసి ఉండాలి, గడియారం, సెట్టింగులు గుర్తుండటానికి. ఎర్ర వైరు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోట కలవాలి. నలుపు ఎర్త్. మా ఇంటి దగ్గరి షాపు కుర్రాడు తొందరలో ఎరుపు, పసుపు రెండూ కలిపి పసుపు లైనుకే చుట్టేశాడు. తాళం తీసినా స్టీరియో ఆగలేదు, పట్టపగలు కావడంతో దాని లైటు నేను గమనించలేదు. మేముండేది మొదటి అంతస్తు, బండి సరిగ్గా కింద. ఆ సాయంత్రం మా చెల్లెలు ఫోన్ చేసింది. నేను ‘హలో, హలో’ అంటున్నా, అవతల్నుంచి చప్పుడు లేదు. వాచ్‌మన్ పైకి వచ్చి, ‘సార్, మీ కార్లో ఎవరో ఆడమనిషి అన్నయ్యా అన్నయ్యా అని పిలుస్తోంది’ అన్నాడు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే బండి నీరసంగా మూలిగింది. మళ్లీ వెళ్లి ఎర్ర వైరుని యాక్సెసరీ లైనుకి మార్పించాను. మీరు బిగించుకున్న వెంటనే తాళం తీసి, చెయ్యి అడ్డం పెట్టి చూడండి, డిస్‌ప్లే ఆరిందో లేదో.

ఇక నాలుగేళ్లలో తెలిసినవి.

అన్నిటికంటే పెద్ద చిక్కు మొదటి మాట మింగేయడం. మ్యాప్ గొంతు నాలుగైదు నిమిషాలకోసారి మాట్లాడుతుంది. మధ్యలో శబ్దం లేకపోతే బ్లూటూత్ దారి కునుకు తీస్తుంది, మళ్లీ లేచేలోపు అర సెకనో సెకనో పోతుంది. ఇంగ్లీషులో వినేవాళ్లకీ ఇది ఉంటుంది కానీ, నేను 2018లో తెలుగు గొంతు వచ్చినప్పటి నుంచీ తెలుగులోనే పెట్టుకున్నాను. ‘200 మీటర్లలో కుడివైపుకు తిరగండి’ అనే మాటలో పోయేది ఆ ‘200 మీటర్లలో’. మిగిలేది ‘కుడివైపుకు తిరగండి’. ఎప్పుడు తిరగాలో చెప్పకుండా తిరగమంటే మనం వెంటనే తిరిగేస్తాం. కోదాడలో అలాగే ఒక రైస్ మిల్లు ఆవరణలోకి తిరిగి, ధాన్యం లారీల మధ్య నిలబడ్డాం. దీనికి మందు చాలా చవక: ఫోన్లోనే పాటలు సన్నగా, ఆపకుండా పెట్టుకోవడం. దారి తెరిచే ఉంటుంది, మ్యాప్ మాట్లాడేటప్పుడు ఆండ్రాయిడ్ తనే పాటని తగ్గిస్తుంది. మొదటి అక్షరం నుంచీ వినపడుతుంది.

రెండోది, స్టీరియో రేడియో మీదో పెన్‌డ్రైవ్ మీదో ఉంటే మ్యాప్ గొంతు అసలు రాదు. ఫోను పాపం చెబుతూనే ఉంటుంది, వినేవాడే లేడు. బ్లూటూత్ సోర్స్‌లో ఉంటేనే వస్తుంది. మొదటి నెలలో రేడియో వింటూ రెండుసార్లు నార్కట్‌పల్లి దగ్గర తప్పు రోడ్డెక్కాను. మా అబ్బాయి ఐఫోన్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, గొంతును బ్లూటూత్ ఫోన్ కాల్‌లా పంపే సెట్టింగ్ చూపించాడు. అది పెడితే రేడియో పాడుతున్నా ఆగిపోయి దారి చెబుతుంది. కానీ గొంతు కాస్త టెలిఫోన్లో మాట్లాడినట్టు ఉంటుంది, ప్రతిసారీ డిస్‌ప్లే మీద కాల్ వచ్చినట్టు కనపడుతుంది. నేను రేడియో మానేశాను, అదే తేలిక.

మూడోది స్పీకర్లు. ఇక్కడే నేను చాలా ఏళ్లు పొరబడ్డాను. వినపడకపోతే వాల్యూమ్ పెంచాలనుకునేవాణ్ని. అయితే పాత బండిలో టైర్ల హోరు, ఇంజిన్ మోత అంతా కింది స్థాయి శబ్దం. మాటని మాటగా పట్టించే హల్లులు దాదాపు 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. వెనక ఓవల్ స్పీకర్ల బేస్ ఆ హోరుతో కలిసి మాటని కప్పేసేది. నాలుగు పనులు చేశాను: బేస్ మూడు మెట్లు తగ్గించి, మిడ్ రెండు పెంచాను. వానలకి కాగితం చివికిన ముందు డోర్ స్పీకర్ల స్థానంలో 1,600 పెట్టి కొత్త జత వేయించాను. ఫేడర్ (శబ్దాన్ని ముందు, వెనక స్పీకర్లకి పంచేది) పూర్తిగా ముందుకి, బ్యాలెన్స్ (ఎడమ, కుడికి పంచేది) సగానికి పైగా కుడివైపుకి జరిపాను. ఇప్పుడు మ్యాప్ గొంతు నా కుడి మోకాలి దగ్గర నుంచి, నాకే చెబుతున్నట్టు వస్తుంది. వాల్యూమ్ మునుపటిలో సగం. వెనక పిల్లలు నిద్రపోతారు, పక్కన మా ఆవిడ నిద్రపోకుండా మాట్లాడుతుంది, మూడూ సాగుతాయి.

చిన్నవి ఇంకొన్ని. మ్యాప్స్ సెట్టింగుల్లో కాల్ మాట్లాడేటప్పుడు కూడా గొంతు వినిపించే మీట ఉంటుంది, అది వేసి ఉంచండి. మనం చౌరస్తాకి చేరే క్షణానికే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. స్టీరియో యూఎస్‌బీతో ఫోన్ చార్జింగ్ నత్తనడక, మ్యాప్ తాగేదానికి చాలదు. లైటర్ సాకెట్లో వేరే చార్జర్ పెట్టుకున్నాను. వైరు లేకుండా శబ్దం వెళ్తోంది కాబట్టి ఆ గుయ్ మనే రొద మళ్లీ రాలేదు. మే నెలలో అద్దానికి అతికించిన ఫోను సూర్యాపేట చేరేసరికి వేడెక్కి ఆగిపోయేది. గొంతు మీద నమ్మకం కుదిరాక దాన్ని ఏసీ గాలి తగిలే చోటికి దించేశాను. 2020 అక్టోబరు నుంచి దారి చూసుకోవడానికి మాత్రం ఫోను వాడొచ్చని రూల్స్‌లో ఉంది, అదీ డ్రైవర్ ధ్యాస చెడకుండా. చేత్తో పట్టుకుని మాట్లాడితే మాత్రం జరిమానాయే.

కుదరనిది ఒకటుంది. మా ఆవిడ ఫోను కూడా ఇదే స్టీరియోకి జత చేసి ఉంది, ఒకసారి ఒకదానికే చోటు. తాళం తిప్పగానే ఏది ముందు దొరికితే దానికి అతుక్కుంటుంది, చాలాసార్లు ఆమెదే. మ్యాప్ నా ఫోన్లో నడుస్తుంటుంది, స్పీకర్లలో వాళ్లమ్మతో మాటలు. ఆమె ఫోను జత తీసేద్దామంటే, ‘బండి మీ ఒక్కరిదేనా’ అంది. కాబట్టి బయల్దేరే ముందు ఏ ఫోను కలిసిందో చూడటం ఇప్పుడు సీటు బెల్టు పెట్టుకోవడం లాంటి అలవాటైంది. రాత్రుళ్లు దాని నీలం బటన్ల వెలుతురు కళ్లలో కొడుతుంది, తగ్గించే మార్గం లేదు. చిన్న నల్ల టేపు ముక్క అతికించాను.

ఇదంతా చూసి బావగారు తన ఆల్టోకీ ఇలాంటి స్టీరియోనే కావాలన్నారు. పోయిన ఆదివారం ఇద్దరం కోఠి వెళ్లాం. బండిలో కూర్చుని చూస్తే ఆయన పాత స్టీరియోకి ఆక్స్ ఉంది, ఆయన ఫోనుకి 3.5 కన్నం కూడా ఉంది. ‘బావగారూ, కొత్తది వద్దు’ అన్నాను. వైరు, ఐసోలేటర్ కలిపి 400 అయింది. ఫేడర్ ముందుకి తిప్పి, బేస్ తగ్గించి ఇచ్చాను. తిరుగు దారిలో మలక్‌పేట దాటేదాకా దారి చెప్పే గొంతు తప్ప బండిలో ఎవరం మాట్లాడలేదు.