స్ప్లిట్‌లో ఫ్రీ టూర్ తీసుకుని ఏడ్చాం, మర్నాడు 25 యూరోలు ఇచ్చి చూసిందే అసలు రోమన్ కోట

మే నెలలో అమ్మా నాన్నా మ్యూనిక్‌లో మా దగ్గరికి వచ్చారు. క్రొయేషియా 2023 జనవరి నుంచి షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) కలిసిపోయింది, డబ్బు కూడా యూరోనే, కాబట్టి వాళ్ళకున్న వీసా మీదే వెళ్ళొచ్చు అని మా ఆయన అక్కడి స్ప్లిట్ అనే ఊరికి టికెట్లు తీసేశారు. నాన్న తెనాలి దగ్గర జడ్పీ హైస్కూల్లో 31 ఏళ్ళు సోషల్ చెప్పారు, రోమన్ కోట అనగానే వారం ముందు నుంచే నోట్‌బుక్ తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. అమ్మకి రెండు మోకాళ్ళూ నొప్పే. ఈ రెండూ ఎందుకు చెప్తున్నానో ముందుకెళ్తే తెలుస్తుంది. ఫ్లైట్, ఎయిర్‌పోర్ట్ బస్సు, అన్నీ బాగానే జరిగాయి.

మొదటి రోజు సాయంత్రం ఫ్రీ వాకింగ్ టూర్ అని బుక్ చేశాం. వద్దండీ, దయచేసి తీసుకోకండి. గొడుగు పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు, వెనక మేము నలభై మందిమి. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ కట్టించుకున్న ఈ కోట లోపల సందులన్నీ తెల్లటి సున్నపురాయి, వందల ఏళ్ళ నుంచి జనం నడిచి నడిచి అద్దంలా నునుపెక్కిపోయాయి, అమ్మ గోడ పట్టుకుని నడుస్తుంటే ఆ అబ్బాయి ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. రెండో మలుపు దగ్గరే మేము వెనకబడిపోయాం, మా ఆయన ముందుకి పరిగెత్తి గొడుగు ఎటు పోయిందో చూసొచ్చి మమ్మల్ని తీసుకెళ్ళడం, ఇదే టూర్. పెరిస్టైల్ అని కోట మధ్యలో స్తంభాల చావడి ఉంటుంది, అక్కడ మెట్ల మీద మెత్తలు వేసి ఉంటే అమ్మ కాసేపు కూర్చుంది. వెంటనే కెఫే మనిషి వచ్చి ఏదైనా ఆర్డర్ ఇవ్వండి లేకపోతే లేవండి అన్నాడు. ఆ మెత్తలు కెఫే వాళ్ళవని గైడ్ ముందే ఒక్క మాట చెప్తే ఏం పోయింది? 5 యూరోల 50 సెంట్లు పెట్టి అమ్మ తాగని కాఫీ కొన్నాం.

నాన్న పాపం ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, చక్రవర్తి ఉన్న ఇల్లు ఇందులో ఎక్కడ అని. తర్వాత చెప్తా అన్నాడు, చెప్పలేదు. మొత్తం యాభై నిమిషాల్లో పదిహేను నిమిషాలు ఒక సబ్బులూ లావెండరూ అమ్మే షాపు ముందే నిలబెట్టాడు. చివర్లో అందరి ముందూ మాతో, మామూలుగా ఒక్కొక్కరూ 15 ఇస్తారు అన్నాడు. నలుగురికి 60 యూరోలు! ఫ్రీ అని రాసి 60 అడగడం ఏంటని మా ఆయన అడగబోతుంటే నాన్నే ఆపి, పరాయి ఊళ్ళో గొడవెందుకమ్మా ఇచ్చేయండి అన్నారు. ఇచ్చేశాం. రూముకి వెళ్ళేటప్పుడు నాన్న ఆ నోట్‌బుక్ బ్యాగ్‌లో పెట్టేశారు, అది చూసి నాకు ఏడుపొచ్చింది. అమ్మ అయితే రేపు నేను రాను, మీరెళ్ళండి అంది.

రాత్రి పన్నెండింటికి కూర్చుని వెతికి, చిన్న గ్రూపు, తొమ్మిది మందికి మించదు అని రాసి ఉన్న టూర్ పట్టుకున్నా, మనిషికి 25 యూరోలు, రెండున్నర గంటలు. నలుగురికి 100. ముందు రోజు కంటే 40 ఎక్కువ అంతే. అమ్మని బతిమాలి తీసుకెళ్ళా.

గైడ్ అరవై ఏళ్ళ ఆవిడ, ఈ కోట గోడల మధ్యే పుట్టి పెరిగిందట. వచ్చీ రాగానే అడిగిన మొదటి మాట, మెట్లు ఎక్కలేని వాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. అమ్మని చూసి, అయితే ఈరోజు దారి మారుద్దాం అంది. సముద్రం ఒడ్డున రివా అనే విశాలమైన నడక దారి ఉంటుంది, అక్కడ బెంచీ మీద అమ్మని కూర్చోబెట్టి కోట గోడ చూపిస్తూ మొదలుపెట్టింది. మనం కూర్చున్న చోట అప్పుడు నీళ్ళే, కెరటాలు గోడకి కొట్టేవి, పడవలు నేరుగా ఆ ఇత్తడి ద్వారం దగ్గరికే వచ్చేవి అంది. డయోక్లీషియన్ ఈ పక్కనే సలోనా ప్రాంతం వాడు, 284లో చక్రవర్తి అయ్యాడు, 305లో తనంతట తానే పదవి వదిలేసి సొంత ఊరి దగ్గర కట్టించుకున్న ఈ కోటకి వచ్చేశాడు. మళ్ళీ వచ్చి రాజ్యం చెయ్యమని అడిగితే, సలోనాలో నా చేత్తో పెంచిన కూరగాయలు ఒకసారి చూస్తే మీరు ఈ మాట అడగరు అన్నాడని పాత రాతల్లో ఉందట, ఇక్కడి వాళ్ళు అవి కాబేజీలు అంటారు. అప్పటిదాకా ముభావంగా ఉన్న అమ్మ ఈ మాటకి తలెత్తింది. మా ఇంటి డాబా మీద గోంగూర, బచ్చలి పెంచే మనిషి కదా, సరైన మాటే అన్నాడు అంది.

తర్వాత నేలమాళిగల్లోకి తీసుకెళ్ళింది. స్ప్లిట్‌లో ఒక్కటే చూడాలంటే ఇదే చూడండి అంటాను నేను. నేల సముద్రం వైపు వాలుగా ఉందని, పైన చక్రవర్తి గదులు సమంగా రావడానికి కింద పెద్ద పెద్ద కమానులతో గదులు కట్టారు. పైన రాజుగారి ఇల్లు కాలక్రమంలో పోయింది, దాని మీద వేరే ఇళ్ళు వచ్చాయి. కింద గదులు మాత్రం ఉండిపోయాయి, ఎందుకంటే పై ఇళ్ళ వాళ్ళు కన్నాలు పెట్టి వందల ఏళ్ళు చెత్తా మురుగూ అందులోకి వదిలారు, అది గట్టిపడి గదుల్ని అలాగే కాపాడింది. 1950ల నుంచి తవ్వి తీశారు. పై గది ఎంతో కింద గదీ అంతే, గోడ మీద గోడ, కాబట్టి చక్రవర్తి ఇల్లు ఎక్కడ అని ఎవరైనా అడిగితే ఇదిగో దాని నక్షా, మీరిప్పుడు అందులోనే నిలబడ్డారు అంది ఆవిడ. మేము అడగకుండానే! నాన్న నోట్‌బుక్ బయటికి తీశారు.

అమ్మ కోసం మెట్ల వైపు కాకుండా తూర్పున వెండి ద్వారం నుంచి చదునుగా పెరిస్టైల్‌కి చేరుకున్నాం. ఈజిప్టు నుంచి తెచ్చిన నల్లరాతి స్ఫింక్స్ (సింహం ఒళ్ళు, మనిషి తల ఉండే విగ్రహం) ఉంది, కోట కట్టేనాటికే దానికి పదిహేను వందల ఏళ్ళ పైన వయసు. పక్కనే ఎనిమిది పలకల కట్టడం, డయోక్లీషియన్ తన సమాధి కోసం కట్టించుకున్నాడు. క్రైస్తవుల్ని ఘోరంగా హింసించిన రాజు ఆయన, సలోనా బిషప్ డోమ్నియస్‌ని 304లో చంపించారు. తర్వాత అదే సమాధిని చర్చి చేసి ఆ బిషప్ పేరే పెట్టారు, రాజు శవపేటిక ఏమైందో తెలియదు. చెక్క తలుపులు 1214లో బువినా అనే శిల్పి చెక్కినవి, క్రీస్తు కథ 28 పలకల్లో ఉంటుంది, నాన్న ఒక్కో పలకా వేలితో లెక్కపెట్టుకుంటూ చూస్తుంటే ఆవిడ గ్రూపు మొత్తాన్ని ఆపి ఆగింది.

సందుల్లో తలెత్తితే రోమన్ కమాను పక్కన తీగ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఇక్కడ ఇంకా జనం ఉంటారా అని అమ్మ అడిగింది, నేను ఇంగ్లీషులో చెప్పా. ఏడో శతాబ్దంలో సలోనా నాశనమైతే అక్కడి వాళ్ళు పారిపోయొచ్చి ఈ గోడల మధ్య దాక్కున్నారు, అప్పటి నుంచి ఈ కోటలో జనం లేని రోజు లేదు, మా అమ్మమ్మ వంటింటి వెనక గోడ రోమన్ గోడే, మేకు కొట్టబోతే మేకే వంగేది అంది ఆవిడ. ఇద్దరూ పది నిమిషాలు వంటిళ్ళ గురించే మాట్లాడుకున్నారు, నేను తర్జుమా చేస్తూ నిలబడ్డా. ఆవిడ టిప్ అడగలేదు, మేమే 20 ఇచ్చాం.

టూర్ అయ్యాక ఆవిడే చెప్పింది, వెండి ద్వారం బయట మార్కెట్ ఉంది, దాని పేరు పజార్ అని. మన బజారే అని అమ్మ నవ్వింది. అక్కడ సోపార్నిక్ తిన్నాం. రెండు పల్చటి రొట్టెల మధ్య పాలకూర లాంటి ఆకు, ఉల్లిపాయ పెట్టి నిప్పుల మీద కాల్చి, పైన వెల్లుల్లి, ఆలివ్ నూనె రాస్తారు. ముక్క 4 యూరోలు. శాకాహారులకి ఇంతకంటే మంచి తిండి ఆ ఊళ్ళో నాకు దొరకలేదు, వచ్చాక అమ్మ మొదటిసారి కడుపునిండా తిన్నది అదే, బ్యాగ్‌లోంచి పచ్చడి సీసా తీసి నంజుకుంది కూడా.

రూము సంగతి. కోట లోపలే తీసుకున్నాం, రెండు గదులు రాత్రికి 148 యూరోలు. మూడో అంతస్తు, మెట్లు నిలువుగా ఇరుగ్గా ఉన్నాయి, లిఫ్ట్ లేదు, ఆ ముక్క బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు. రాత్రి రెండింటి దాకా కింద బార్ల గోల, పొద్దున ఐదింటికి చెత్త బండి. రూము ఇచ్చినతను క్లీనింగ్ అని చేతికి 30 యూరోలు విడిగా తీసుకున్నాడు, రసీదు అడిగితే భుజాలెగరేశాడు. పెద్దవాళ్ళతో వెళ్తే గోడ బయట, పజార్ వైపు పది నిమిషాల నడకలో తీసుకోండి. గ్రిప్ ఉన్న బూట్లు తప్పనిసరి, వాన పడితే ఆ రాళ్ళ మీద చెప్పులతో నడవలేరు. టూర్ బుక్ చేసే ముందు గ్రూపులో ఎంతమంది, దారిలో ఎన్ని మెట్లు అని మెసేజ్ పెట్టి అడగండి, జవాబు రాకపోతే వదిలేయండి.

వచ్చేసే రోజు పొద్దున ఆరింటికి లేచి చూస్తే నాన్న మంచం మీద లేరు. కంగారుగా దిగి వెళ్తే పెరిస్టైల్‌లో ఒక్కరే ఉన్నారు, మెత్తలు ఇంకా వెయ్యలేదు, మెట్ల మీద కూర్చుని స్ఫింక్స్ బొమ్మ గీసుకుంటున్నారు. నేనూ పక్కన కూర్చున్నా.